హెర్మెస్ నౌక దాకా డైవింగ్: నల్లగొండ, పాలమూరు ఈతగాళ్లకు సమగ్ర మార్గదర్శి

"అన్నా, బావిలో అడుగు ముట్టి మట్టి తెస్తాం, సాగర్‌లో గంటసేపు ఈదుతాం. హెర్మెస్‌ను చూడాలంటే ఇంకేం కావాలి?" ఈ ప్రశ్న మిర్యాలగూడ నుంచీ వస్తోంది, కొల్లాపూర్ నుంచీ వస్తోంది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

హెర్మెస్ బ్రిటిష్ విమానవాహక నౌక. 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాల దాడిలో శ్రీలంక తూర్పు తీరంలో, బట్టికలోవాకు దగ్గరలో మునిగింది. 307 మంది చనిపోయారు. ఇప్పుడది ఎడమ పక్కకు ఒరిగి, సుమారు 53 మీటర్ల లోతున ఉంది. వినోద డైవింగ్ హద్దు 40 మీటర్లు. నౌక పైభాగం అందేసరికే ఆ హద్దు దాటిపోతాం. కాబట్టి ఇది సాంకేతిక డైవింగ్. లోతున ఒంట్లో కరిగిన గ్యాస్ మెల్లగా బయటికి పోయేలా దారిలో ఆగుతూ రావాలి (దీన్నే డీకంప్రెషన్, క్లుప్తంగా డీకో అంటారు). ఏ క్షణంలోనైనా నేరుగా పైకి వచ్చేయొచ్చు అనే వెసులుబాటు ఇందులో ఉండదు.

ఇందులో ధైర్యానికి ఉన్న పాత్ర తక్కువ, లెక్కలకు ఉన్న పాత్ర ఎక్కువ. ఇది చదివి శిక్షకుడు లేకుండా మీరు చేయదగినది ఒక్కటే: ఈత కొలనులో ఈదడం.

1. బావి ఈత నుంచి ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి

బావిలో ఈత నేర్చినవారికి నీళ్లంటే బెదురు ఉండదు. చెవుల ఒత్తిడిని సమం చేసుకోవడం చాలామందికి చిన్నప్పుడే అలవాటై ఉంటుంది. ఈ రెండూ ఉంచుకోండి.

ఊపిరి బిగబట్టడం మాత్రం పూర్తిగా మరిచిపోవాలి. సిలిండర్ గాలి పీల్చేవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి ఉపరితలానికి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. బయటికి పోయే దారి లేకపోతే ఊపిరితిత్తి చిరుగుతుంది. రెండు మీటర్ల లోతులోనూ ఇలా జరగవచ్చు. నాకు తెలిసినంతలో బావి ఈతగాళ్లను సరిదిద్దడానికి శిక్షకులు ఎక్కువగా కష్టపడేది దీని దగ్గరే.

చేతి సంకేతాల్లోనూ ఒక చిక్కు ఉంది. బొటనవేలు పైకెత్తితే మన దగ్గర "బాగుంది" అని. నీటి కింద దాని అర్థం "డైవు ముగిసింది, పైకి పోదాం". అంతా బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చూపించాలి. తల ఊపడానికి అక్కడ అర్థమే లేదు.

"సాగర్‌లో సాధన చేయొచ్చా?" అని కూడా అడుగుతున్నారు. వద్దు. జలాశయాల్లో డైవింగ్‌కు అధికారుల అనుమతి కావాలి. పైగా తూములు, విద్యుత్ కేంద్రాలు నీటిని లాగే చోట్లు, అడుగున చిక్కుకున్న వలలు ఉంటాయి. బురద నీటిలో చేయి చాస్తే కనపడదు. జూరాల, సోమశిల వైపు వెనుక జలాలకూ ఇదే జవాబు.

2. శిక్షణ మెట్లు

వరుస తప్పించకండి. సంస్థను బట్టి పేర్లు కొంచెం మారినా దారి ఒకటే:

- ఓపెన్ వాటర్: 18 మీటర్ల వరకు
- అడ్వాన్స్‌డ్: 30 మీటర్ల వరకు
- డీప్, నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి), రెస్క్యూ కోర్సులు: 40 మీటర్ల వరకు
- అడ్వాన్స్‌డ్ నైట్రాక్స్, డీకంప్రెషన్ ప్రొసీజర్స్: సుమారు 45 మీటర్ల వరకు
- ట్రైమిక్స్ (హీలియం కలిపిన గ్యాస్): 60 మీటర్ల వరకు

కొలను పాఠాలు హైదరాబాద్‌లో అవుతాయి. సముద్రపు పాఠాలకు విశాఖపట్నం, పుదుచ్చేరి, కర్ణాటకలోని నేత్రాణి, అండమాన్ ఉన్నాయి. సాంకేతిక కోర్సుల దగ్గరికి వచ్చేసరికి ఊరి కంటే శిక్షకుడిని చూసి ఎంచుకోండి. ఆయన స్వయంగా ఏ లోతుల్లో, ఎంత తరచుగా డైవు చేస్తున్నారో మొహమాటపడకుండా అడగండి.

సెలవులు చూసుకుంటూ ఉద్యోగం చేసేవారికి ఇదంతా రెండేళ్ల పని. వంద డైవులు చేయకుండా ట్రైమిక్స్ కోర్సు జోలికి వెళ్లవద్దని నా సలహా. ఆ వందా ఒకే చోట, ఒకే వెచ్చని నిలకడ నీటిలో చేసినవైతే అది ఒక్క డైవునే వందసార్లు చేసినట్టు.

వైద్య పరీక్షను సంతకం పెట్టించుకునే తంతుగా చూడకండి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి శస్త్రచికిత్స ఉంటే దాచవద్దు.

3. కాలం, పడవ, మనుషులు

శ్రీలంక తూర్పు తీరంలో సముద్రం నెమ్మదిగా ఉండేది సుమారు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల అలలు మొదలవుతాయి. మనకు దసరా సెలవులు అనుకూలమే కానీ ఆ సముద్రానికి కాదు.

డబ్బు కట్టే ముందు డైవింగ్ కేంద్రాన్ని రాతపూర్వకంగా అడగాల్సినవి:

- హీలియం ఉందా? ఎన్ని రోజుల ముందు చెప్పాలి?
- ట్విన్ సెట్లు (వీపున జంటగా కట్టుకునే సిలిండర్లు), డీకో సిలిండర్లు ఎన్ని ఉన్నాయి? ఏ పరిమాణం?
- పడవలో ఎంత ఆక్సిజన్ ఉంటుంది? ఇద్దరికి సరిపోతుందా?
- డైవర్లు నీటిలో ఉండగా పడవలో ఎవరు ఉంటారు?
- దగ్గరలో పనిచేస్తున్న రీకంప్రెషన్ ఛాంబర్ (డీకంప్రెషన్ జబ్బుకు చికిత్స చేసే ఒత్తిడి గది) ఏది? అక్కడికి ఎంతసేపు?

చివరి ప్రశ్నకు "ఏమీ కాదులెండి" అని జవాబు వస్తే ఇంకో కేంద్రం చూసుకోండి.

అక్కడ పడవ నడిపేవారిలో ఎక్కువమంది తమిళం మాట్లాడతారు. అత్యవసరంలో ఏం చేయాలో, ఎవరికి ఫోను చేయాలో తమిళంలో రాయించి పడవలో అతికించండి. డైవింగ్ బీమా వేరుగా తీసుకోండి. మామూలు ప్రయాణ బీమాల్లో ఈ లోతులు సాధారణంగా రావు.

4. ఏ గ్యాస్ పీల్చాలి

53 మీటర్ల దగ్గర ఒత్తిడి 6.3 బార్ (నీటి పైన గాలి ఒత్తిడి సుమారు ఒక బార్). మామూలు గాలితో అక్కడికి వెళ్లినవాళ్లు ఉన్నారు, ఇప్పటికీ వెళుతున్నారు. నేను ఎవరికీ చెప్పను. కారణాలు రెండు.

మొదటిది నత్రజని మత్తు. ఆ లోతున మీటరు మీద అంకె కనిపిస్తుంది కానీ దాని అర్థం బుర్రకెక్కదు. మత్తులో ఉన్నట్టు మనకే తెలియకపోవడం దాని స్వభావం.

రెండోది గ్యాస్ సాంద్రత. లీటరుకు 5.2 గ్రాములు దాటకుండా చూసుకోవాలని, 6.2 మించకూడదని డైవింగ్ వైద్యుల సూచన. 53 మీటర్ల దగ్గర గాలి సాంద్రత 8 గ్రాములు దాటుతుంది. అంత చిక్కటి గ్యాస్‌ను లాగి వదిలేటప్పుడు బొగ్గుపులుసు వాయువు సరిగా బయటికి పోదు. ప్రవాహానికి ఎదురీదాల్సి వస్తే ఆయాసం మొదలై, అది భయంగా మారుతుంది.

18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగిలింది నత్రజనిగా ఉన్న ట్రైమిక్స్ 18/45 ఈ లోతుకు సరిపోతుంది. సాంద్రత 5 గ్రాముల దగ్గర ఆగుతుంది. మత్తు సుమారు 25 మీటర్ల గాలి డైవులో ఉన్నంతే. ఆక్సిజన్ పాక్షిక పీడనం (మొత్తం ఒత్తిడిలో ఆక్సిజన్ వాటా) 1.13 బార్, అంటే 1.4 హద్దుకు బాగా లోపలే.

పైకి వచ్చేటప్పుడు డీకంప్రెషన్‌కు 50 శాతం నైట్రాక్స్. దాన్ని 21 మీటర్లు, అంతకన్నా తక్కువ లోతులో మాత్రమే పీల్చాలి. అంతకన్నా లోతులో నోట పెట్టుకుంటే ఆక్సిజన్ విషప్రభావంతో మూర్ఛ రావచ్చు. నీటి కింద మూర్ఛ అంటే మునక.

5. గ్యాస్ లెక్క: కాగితం, పెన్సిల్ తీసుకోండి

సాఫ్ట్‌వేర్ ఈ లెక్క చేసిపెడుతుంది. అయినా ఒకసారి చేత్తో చేయని మనిషి వెనక నేను నీటిలోకి దిగను.

ముందు మీ వాడకం తెలియాలి. 10 మీటర్ల లోతున పది నిమిషాలు ఒకే వేగంతో ఈదండి. 12 లీటర్ల సిలిండర్‌లో 30 బార్ తగ్గిందనుకుందాం. 30ని 12తో గుణిస్తే 360 లీటర్లు. పది నిమిషాలతో, తర్వాత 2 బార్ ఒత్తిడితో భాగిస్తే నిమిషానికి 18 లీటర్లు. అదీ మీ ఉపరితల వాడకం. ఇది వేర్వేరు రోజుల్లో చేసి, ఎక్కువ వచ్చిన అంకెనే నమ్మండి.

మన ఉదాహరణకు నిమిషానికి 20 లీటర్లు అనుకుందాం. అడుగున అది 6.3 రెట్లు, అంటే 126 లీటర్లు అవుతుంది.

ఇప్పుడు అందరూ వెనక చేసే లెక్కను ముందు చేద్దాం: కనీస నిల్వ. అడుగున జతగాడి గ్యాస్ అయిపోయి, ఇద్దరూ మీ సిలిండర్ల నుంచే పీలుస్తూ 21 మీటర్ల దాకా రావాలి. కంగారులో ఒక్కొక్కరు 30 లీటర్ల చొప్పున, ఇద్దరూ కలిసి నిమిషానికి 60 లీటర్లు వాడతారు.

- అడుగున సర్దుకోవడానికి 2 నిమిషాలు: 60 × 6.3 × 2 = 756 లీటర్లు
- 21 మీటర్ల వరకు 4 నిమిషాలు, సగటు ఒత్తిడి 4.7 బార్: 60 × 4.7 × 4 = 1,128 లీటర్లు
- గ్యాస్ మార్చుకోవడానికి 1 నిమిషం: 60 × 3.1 = 186 లీటర్లు
- మొత్తం: 2,070 లీటర్లు

రెండు 12 లీటర్ల సిలిండర్లంటే 24 లీటర్లు. 2,070ని 24తో భాగిస్తే 86. నీటి కిందికి తీసుకెళ్లే పలక మీద 90 బార్ అని రాసుకోండి. సిలిండర్ ఒత్తిడి చూపే మీటరు 90 చూపిన క్షణాన, ఎదురుగా ఎంత అందమైన దృశ్యం ఉన్నా, డైవు అయిపోయినట్టే.

200 బార్‌తో మొదలుపెడితే వాడుకోగలిగింది 110 బార్, అంటే 2,640 లీటర్లు. దిగడానికి సుమారు 290 పోతుంది. మిగిలిన 2,350ని 126తో భాగిస్తే 18 నిమిషాలు చిల్లర. 18 అనే రాయండి, 20 అని కాదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సిలిండర్ నింపిన వెంటనే వేడిగా ఉన్నప్పుడు 200 చూపిన మీటరు చల్లారాక 180 చూపవచ్చు. 180తో అదే లెక్క వేస్తే 14 నిమిషాలే వస్తాయి. అందుకే ఒత్తిడిని డైవు రోజు ఉదయం మళ్లీ చూడాలి, లెక్కను మళ్లీ వేయాలి.

డీకో ఆగుళ్ల పట్టికను మీరు నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌తో తయారుచేయండి. ఒకటి సరిపోదు, నాలుగు కావాలి: అనుకున్నట్టు సాగితే, 3 మీటర్లు లోతు పెరిగితే, 5 నిమిషాలు ఆలస్యమైతే, డీకో గ్యాస్ పోతే. నాలుగూ పలక మీదికి ఎక్కాలి.

6. పరికరాలు

ఎక్కువ మోయడం జాగ్రత్త కాదు. ప్రాణాధారమైనవి రెండేసి, మిగిలినవి లేకుండా ఉంటే చాలు.

- ఐసొలేటర్ వాల్వ్ (రెండు సిలిండర్లను కలిపే, అవసరమైతే విడదీసే వాల్వు) ఉన్న ట్విన్ సెట్, సిలిండర్ గ్యాస్‌ను నోటికి అందించే రెగ్యులేటర్లు రెండు (ఒకదానికి సుమారు రెండు మీటర్ల పొడవు గొట్టం)
- 50 శాతం నైట్రాక్స్‌తో 11 లీటర్ల డీకో సిలిండర్
- ట్రైమిక్స్ లెక్కించే కంప్యూటర్లు రెండు
- ఉపరితల గుర్తు బెలూన్లు (మనం ఉన్న చోటు పడవకు తెలిసేలా కింది నుంచి వదిలేవి) రెండు, వాటి తాడు చుట్టే రీళ్లు రెండు
- కోత పరికరాలు రెండు, చెరో చేతికి అందేలా
- ఒక ప్రధాన టార్చి, ఒక అదనపు టార్చి
- అదనపు మాస్కు, పలక, పెన్సిల్

కోత పరికరం గురించి ఒక మాట. పెద్ద కత్తి చూడటానికి బాగుంటుంది కానీ సన్నని నైలాన్ వలకు పనికిరాదు. చిన్న కొక్కెం ఆకారపు లైన్ కట్టర్, ఒక కత్తెర తీసుకోండి. మునిగిన నౌకలకు వలలు చుట్టుకుని ఉండటం మామూలే.

కొలనులో సరిపోయిన బరువు సముద్రంలో చాలదు. మీరూ మీ సామగ్రీ కలిపి 100 కిలోలైతే ఉప్పునీటిలో రెండున్నర కిలోల దాకా అదనంగా కావాలి. సిలిండర్లు ఖాళీ అయ్యాక కూడా 3 మీటర్ల దగ్గర కదలకుండా నిలవగలిగితే బరువు సరిగ్గా ఉన్నట్టు.

నీళ్లు 27 నుంచి 29 డిగ్రీలు ఉంటాయని పలచటి సూటు వేసుకుంటారు. మొత్తం మీద గంట నీటిలో ఉంటాం, చివరి అరగంట దాదాపు కదలకుండా. 5 మిల్లీమీటర్ల సూటు మేలు.

విమానంలో రెగ్యులేటర్లను, కంప్యూటర్లను చేతి సంచిలో పెట్టుకోండి. టార్చి లిథియం బ్యాటరీలు కూడా చేతి సంచిలోనే వెళ్లాలి.

7. ముందు ఒక చిన్న నౌక

బట్టికలోవా చేరిన మర్నాడే హెర్మెస్ మీదికి వెళ్లకండి. అదే రోజు మునిగిన బ్రిటిష్ సార్జెంట్ అనే చమురు నౌక అదే తీరంలో ఇరవై అయిదు మీటర్లకు అటూ ఇటూ లోతున ఉంది. పూర్తి సాంకేతిక సామగ్రితో దాని మీద డైవు చేయండి. వాల్వులు మూసి తెరవడం, పొడవు గొట్టం జతగాడికి ఇవ్వడం, బెలూన్ వదలడం, మాస్కు మార్చడం అన్నీ అక్కడ చేసి చూడండి. వీటిలో ఒక్కటి తడబడినా మర్నాడు కూడా అక్కడే. హీలియం ఎక్కడికీ పోదు.

8. డైవు రోజు వరుస

ముందు రాత్రి మద్యం వద్దు, నిద్ర తగ్గకూడదు. ఉదయం తేలికగా తిని, నీళ్లు బాగా తాగండి.

గ్యాస్‌ను ఎవరు పీలుస్తారో వారే పరీక్షించాలి. "నేను చూశానులే" అని కేంద్రం కుర్రాడు అన్నా సరే. ఆక్సిజన్ శాతం, హీలియం శాతం, గరిష్ఠ లోతు, తేదీ, మీ పేరు టేపు మీద రాసి సిలిండర్‌కు అతికించండి. డీకో సిలిండర్ మీద "21" అనే అంకె జతగాడికి దూరం నుంచే కనిపించాలి.

పడవలో, దూకే ముందు:

- వాల్వులన్నీ తెరిచి ఉన్నాయి, ఐసొలేటర్ కూడా
- ప్రతి రెగ్యులేటర్ నుంచి మీటరు చూస్తూ నాలుగు శ్వాసలు తీశాం
- కంప్యూటర్లలో సరైన గ్యాస్ ఉంది
- కనీస నిల్వ, అడుగున ఉండే సమయం, గరిష్ఠ లోతు ఒకరికొకరు పైకి చెప్పుకున్నాం
- ఎవరు ఎప్పుడు వద్దన్నా కారణం అడగకూడదని ఒప్పుకున్నాం

దిగేది నౌక దగ్గరికి వేసిన తాడు వెంటే. 5 మీటర్ల దగ్గర ఆగి, ఒకరి వెనక ఒకరు వాల్వుల దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూసుకోండి. ప్రవాహం బలంగా ఉండి తాడు పట్టుకున్న చేయి లాగుతుంటే అక్కడినుంచే వెనక్కి రండి. కిందికి వెళ్తే తగ్గుతుందని ఆశపడకండి.

9. నౌక దగ్గర

మొదటి నిమిషం ఏమీ చూడకండి. ఆగి, ఊపిరి కుదుటపడనిచ్చి, మీటరు చూసి, జతగాడికి సంకేతం ఇవ్వండి. తాడు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి.

ప్రవాహం ఉంటే ముందు దానికి ఎదురుగా వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు అదే మోసుకొస్తుంది.

నౌక పక్కకు ఒరిగి ఉంది కాబట్టి బొమ్మల్లో చూసిన రూపాన్ని అక్కడ వెతక్కండి. విమానాలు ఎగిరిన డెక్కు నేలలా పరిచి ఉండదు, గోడలా నిలబడి ఉంటుంది. ఈ సంగతి ముందే మనసులో లేకపోతే దిక్కు తెలియక విలువైన నిమిషాలు పోతాయి. బయలుదేరే ముందు నౌక పటాన్ని అడ్డంగా తిప్పి పెట్టుకుని చూడండి.

లోపలికి వెళ్లవద్దు. మనం వేసిన గ్యాస్ లెక్క బయట తిరగడానికే. లోపలికి వెళ్లేవారికి గ్యాస్‌ను మూడు భాగాలుగా పంచే వేరే లెక్క, తాడు పరుచుకుంటూ పోయే వేరే శిక్షణ ఉన్నాయి. ఎనిమిది దశాబ్దాలకు పైగా ఉప్పునీటిలో తిన్న ఇనుము మన బుడగలకే రాలుతుంది.

ఇది యుద్ధంలో చనిపోయినవారి సమాధి కూడా. దేన్నీ తాకవద్దు, తేవద్దు, కదపవద్దు. చిన్న తూటా గుల్ల అయినా సరే. పేలని మందుగుండు ఉండే అవకాశాన్ని కూడా మరవకండి.

10. పైకి రావడం

డైవులో కష్టమైన భాగం ఇదే.

అడుగు వదిలాక నిమిషానికి 9 మీటర్ల వేగం. 21 మీటర్ల దగ్గర గ్యాస్ మార్పిడి ఈ వరుసలో:

1. లోతు 21 మీటర్లు మించలేదని రెండు కంప్యూటర్లలో చూడండి.
2. సిలిండర్ మీద రాసింది చదివి, జతగాడికి చూపండి.
3. వాల్వు తెరవండి.
4. వాల్వు నుంచి నోటి దాకా గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ రండి.
5. జతగాడు సరేనన్నాక నోట పెట్టుకోండి.
6. అప్పుడు కంప్యూటర్‌లో గ్యాస్ మార్చండి.

ఇద్దరూ ఒకేసారి మార్చకూడదు. ఒకరు మారుస్తుంటే రెండోవారు చూస్తూ ఉండాలి.

తాడు దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకండి. బెలూన్ వదిలి, దాని తాడు మీద ఆగుళ్లు పూర్తి చేయండి. పడవవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంటే బెలూన్‌ను అనుసరిస్తారు. 6 మీటర్ల నుంచి పైకి మరీ నెమ్మదిగా, నిమిషానికి 3 మీటర్లు. పడవ ఎక్కగానే సిలిండర్లు మోయడం, లంగరు లాగడం మీ పని కాదు.

11. తరచూ జరిగే తప్పులు

*కెమెరా.* మొదటి హెర్మెస్ డైవులో కెమెరా వద్దు. మీటరు చూడాల్సిన కళ్లు తెర మీద ఉంటాయి.

*ఆయాసం.* ఈత ఆపి, నౌక నీడన ప్రవాహం తగలని చోటికి చేరి, నిదానంగా పూర్తిగా ఊపిరి వదలండి. నిమిషంలో తగ్గకపోతే డైవు ముగించండి.

*వల చిక్కుకోవడం.* తిరగకండి, తిరిగితే ఇంకా చుట్టుకుంటుంది. కదలకుండా ఆగి, టార్చి ఊపి జతగాడిని పిలవండి. మీ వీపు వెనక ఉన్నది ఆయనకే కనిపిస్తుంది.

*ఆగుళ్లు ఎగ్గొట్టడం.* పైకి వచ్చాక ఒంట్లో బాగానే ఉంది కదా అని ఊరుకోవద్దు. ఆక్సిజన్ పీలుస్తూ ఒడ్డుకు రండి, డైవింగ్ వైద్యుడితో మాట్లాడండి. సరిచేద్దామని మళ్లీ నీటిలోకి దూకవద్దు.

12. తిరుగు ప్రయాణం

డీకో డైవు తర్వాత కనీసం 24 గంటలు విమానం ఎక్కవద్దు. నేనైతే ఇంకో రోజు కలుపుతాను.

రోడ్డు ప్రయాణం గురించి ఎవరూ చెప్పరు. బట్టికలోవా నుంచి కొలంబో వెళ్తూ దారిలో ఎల్లా, నువారా ఎలియా చూసేద్దామని అనిపిస్తుంది. నువారా ఎలియా 1,800 మీటర్లకు పైన ఉంది. డైవు ముగిసిన రోజున అంత ఎత్తు ఎక్కడం విమానం ఎక్కడం లాంటిదే. పొలన్నరువ, హబరణ మీదుగా పల్లపు దారిలో వెళ్లండి. కొండలు చూడాలనుంటే డైవుకు ముందే చూసుకోండి.

కీళ్ల నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, తల తిరగడం, విపరీతమైన అలసట కనిపిస్తే డీకంప్రెషన్ జబ్బుగానే అనుకోవాలి. వెంటనే స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చి, పడుకోబెట్టి, బీమా సంస్థ అత్యవసర నంబరుకు ఫోను చేయాలి.

ఇవి శంషాబాద్‌లో దిగాకో, ఇంటికి చేరాకో కూడా బయటపడవచ్చు. మన జిల్లాల్లో వైద్యులకు ఈ జబ్బు ఎదురుపడే సందర్భం అరుదు. నొప్పి మాత్ర అడగబోయే ముందు "ఫలానా రోజు 53 మీటర్ల లోతున డైవింగ్ చేశాను" అని చెప్పండి. లోతు, సమయం, పీల్చిన గ్యాస్, పైకి వచ్చిన తీరు రాసిన కాగితం ఒకటి మీ జేబులో, ఇంకొకటి ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి. బీమా నంబరు కూడా అందులోనే.